నాడి నుంచి రేఖకు: హృదయ పరీక్షా పద్ధతుల వికాసం – ప్రముఖ వైద్యుల కృషి

వ్యాససంగ్రహం:
మణికట్టు దగ్గర నాడి చూడటంతో మొదలైన హృదయ పరీక్ష కాలక్రమంలో స్టెతస్కోపు, ఇ.సి.జి., ట్రెడ్‌మిల్ పరీక్ష, యాంజియోగ్రాం, ఎకో పరీక్షల వరకు విస్తరించింది. ఒక వైద్యుని వేళ్ళకూ చెవులకూ మాత్రమే తెలిసిన విషయం, మరొకరు తిరిగి చదివి సరిచూడగల ఆధారంగా మారడమే ఈ వికాసంలోని కీలకాంశమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ మార్పుకు కారకులైన వైద్యుల, శాస్త్రవేత్తల కృషిని వివరిస్తూ, 19వ శతాబ్దం చివర హైదరాబాదులో జరిగిన క్లోరోఫాం పరిశోధనలను ఇందుకు ఉదాహరణగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నాడీపరీక్ష, స్టెతస్కోపు, ఇ.సి.జి., ఐంతోవెన్, క్లోరోఫాం కమిషన్, యాంజియోగ్రాం, ఎకో, పద్మావతి.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘నాడి చూడటం’ అనే మాట రోగిని పరీక్షించడం అనే విస్తృతార్థంలో చిరకాలంగా వాడుకలో ఉంది. ‘ప్రజల నాడి తెలుసుకోవడం’, ‘నాడి పట్టుకోవడం’ వంటి జాతీయాలు ఆ వాడుక నుంచే పుట్టాయి. ఆంధ్రదేశంలోని సంప్రదాయ వైద్యులకు ప్రామాణికమైన ‘బసవరాజీయం’ నాడీపరీక్షకు ప్రముఖ స్థానం ఇచ్చింది. రోగి మణికట్టుపై వేళ్ళుంచి, నాడి నడకలోని వేగాన్ని, బలాన్ని, తీరును గ్రహించి రోగ నిర్ణయం చేయడం ఆ పద్ధతిలోని ప్రధానాంశం.

ఈ పద్ధతికి ఎంతటి అనుభవం తోడైనా ఒక పరిమితి ఉంది. నాడి చూసిన వైద్యునికి తెలిసినది ఆయన వేళ్ళ కొసల దగ్గరే ఆగిపోతుంది. మరునాడు మరొక వైద్యుడు వచ్చి, నిన్నటి నాడిని మళ్ళీ చూసి సరిచూడలేడు. గురువు చెప్పిన పోలికను శిష్యుడు నమ్మవలసిందే తప్ప, ఇద్దరూ ఒకే ఆధారాన్ని ఎదుట పెట్టుకుని వాదించుకునే అవకాశం లేదు. ఐరోపాలోనూ 18వ శతాబ్దం వరకు పరిస్థితి దాదాపు ఇదే. హృదయ పరీక్షల చరిత్రను ఈ పరిమితిని దాటే ప్రయత్నంగా చదివినప్పుడు, వేర్వేరు దేశాల్లో వేర్వేరు కాలాల్లో జరిగిన ఆవిష్కరణలు ఒక వరుసలోకి వస్తాయి.

2. తాకి, తట్టి, విని – ఇంద్రియజ్ఞాన దశ:

ధమనులు తమకున్న శక్తితో తామే కొట్టుకుంటాయన్న గేలెన్ భావన ఐరోపాలో శతాబ్దాల పాటు ప్రామాణికంగా నిలిచింది. ఆంగ్ల వైద్యుడు విలియం హార్వే 1628లో ప్రచురించిన గ్రంథంలో గుండె సంకోచమే రక్తాన్ని ముందుకు నెడుతుందని, ఆ రక్తం శరీరమంతా తిరిగి మళ్ళీ గుండెకే చేరుతుందని నిరూపించాడు. దీంతో మణికట్టు దగ్గరి నాడి గుండె చేసే పనికి దూరపు సాక్ష్యమని స్పష్టమైంది. 1733లో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు ఒక గుర్రం ధమనిలోకి గొట్టాన్ని చొప్పించి, దానికి అమర్చిన గాజు నాళంలో రక్తం 8 అడుగులకు పైగా ఎగబాకడాన్ని కొలిచిన ప్రయోగాన్ని ప్రచురించాడు. రక్తపు ఒత్తిడిని అంకెల్లో చెప్పిన తొలి ప్రయత్నం ఇది.

1761లో వియన్నా వైద్యుడు లియోపోల్డ్ ఔవెన్‌బ్రుగర్ ఛాతీని వేళ్ళతో తట్టి, ఆ ధ్వనిలోని తేడాను బట్టి లోపలి స్థితిని అంచనా వేసే పద్ధతిని ప్రకటించాడు. ఆయన సత్రం నడిపే వ్యక్తి కుమారుడు. పీపాలను తట్టి లోపల ద్రవం ఎంతవరకు ఉందో తెలుసుకునే అలవాటు నుంచి ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. ఆ రచనను తొలినాళ్ళలో ఎక్కువమంది పట్టించుకోలేదు. నెపోలియన్ వైద్యుడు కోర్విసార్ 1808లో దానిని ఫ్రెంచిలోకి అనువదించిన తరువాతే ఆ పద్ధతి వ్యాపించింది.

కోర్విసార్ శిష్యుడైన రెనె లెనెక్ 1816లో, పారిస్‌లో, గుండె జబ్బు లక్షణాలున్న ఒక యువతిని పరీక్షించవలసి వచ్చింది. ఛాతీపై నేరుగా చెవి ఆనించడం మర్యాద కాదు. ఆమె స్థూలకాయం వల్ల తట్టి చూసినా ఫలితం లేదు. ఆయన కాగితాలను గొట్టంగా చుట్టి ఒక కొసను ఆమె ఛాతీపై, మరొక కొసను తన చెవికి ఆనించగా గుండె చప్పుడు అంతకు ముందెన్నడూ లేనంత స్పష్టంగా వినిపించింది. తరువాత ఆ గొట్టాన్ని కొయ్యతో చేయించి, 1819లో తన పరిశీలనలను గ్రంథంగా వెలువరించాడు. ‘స్టెతస్కోపు’ అనే పేరుకు గ్రీకు ధాతువులను బట్టి ‘ఛాతీని చూసేది’ అని అర్థం. వినే సాధనానికి చూసే పేరు పెట్టడం గమనార్హం. ఛాతీ లోపలి దృశ్యాన్ని కళ్ళెదుటికి తేవాలన్న కోరిక ఆ పేరులోనే వ్యక్తమవుతున్నది. అయితే విన్న చప్పుడును దాచిపెట్టే మార్గం అప్పటికి లేదు. చెవికి అందినది మాటల్లోకి మారాకే రెండవ వ్యక్తికి చేరేది.

3. హైదరాబాదు క్లోరోఫాం వివాదం:

ఇంద్రియాలకు అందే ఆధారానికి ఉన్న హద్దులు ప్రాణాంతకమైన ప్రశ్నగా మారిన సందర్భం శస్త్రచికిత్సలో క్లోరోఫాం వాడకం. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ దీనిని మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ బాలిక, కాలి గోరు తీసే చిన్న చికిత్సకు క్లోరోఫాం పీల్చి, నిమిషాల వ్యవధిలో మరణించింది. అటువంటి మరణాలు తరువాతి కాలంలోనూ కొనసాగాయి. క్లోరోఫాం ముందుగా శ్వాసను ఆపుతున్నదా, గుండెను ఆపుతున్నదా అన్నది వైద్య లోకాన్ని రెండుగా చీల్చిన వివాదం. శ్వాసే ముందు ఆగేటట్లయితే మత్తు ఇచ్చేవాడు శ్వాసను గమనిస్తే చాలు. గుండె ముందు ఆగేటట్లయితే శ్వాస మీద మాత్రమే దృష్టి నిలపడం రోగి ప్రాణానికి ముప్పు.

హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్‌గా, వైద్య పాఠశాల అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరో సంప్రదాయంలో శిక్షణ పొందినవాడు. శ్వాసను జాగ్రత్తగా గమనిస్తే క్లోరోఫాం సురక్షితమని ఆయన దృఢ విశ్వాసం. నిజాం ప్రభుత్వ పోషణతో 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ జంతువులపై ప్రయోగాలు జరిపి లారీ వాదాన్ని సమర్థించింది. లండన్ వైద్యపత్రిక ‘లాన్సెట్’ ఆ నిర్ణయాన్ని సందేహించగా, తన ప్రతినిధిని పంపవలసిందిగా కోరుతూ నిజాం ప్రభుత్వం ఆ పత్రికకు 1000 పౌన్లు సమకూర్చింది. ఆ మేరకు ప్రసిద్ధ ఔషధశాస్త్రవేత్త లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చి, 1889లో రెండవ కమిషన్‌లో పాల్గొన్నాడు. వందలాది జంతువులపై, రక్తపు ఒత్తిడిని రేఖగా నమోదు చేసే పరికరాలతో జరిగిన ఆ ప్రయోగాలు కూడా శ్వాసే ముందు ఆగుతుందని తేల్చాయి. బ్రంటన్ అంతకు ముందు హృదయ ప్రమాదాన్ని అంగీకరించినవాడే అయినా, హైదరాబాదు ఫలితాలను చూసి అభిప్రాయం మార్చుకున్నాడు.

ఆ ప్రయోగాల నిర్వహణలో శ్రద్ధకు లోటు లేదు. లోపం ప్రశ్నను రూపొందించిన తీరులో ఉంది. మత్తుమందు మోతాదు పెరుగుతూ పోయినప్పుడు ఏమవుతుందో ఆ ప్రయోగాలు ప్రధానంగా చూశాయి. కానీ హన్నా గ్రీనర్ వంటివారు చికిత్స ఆరంభంలోనే, పూర్తి మత్తులోకి వెళ్ళకముందే మరణించారు. ఆ క్షణాన గుండె లయలో ఏం జరుగుతున్నదో చూపగల పరికరం 1889 నాటికి ఆసుపత్రులలో వాడుకలో లేదు. దానికి బీజం మాత్రం మొదటి కమిషన్‌కు ఒక ఏడాది ముందే లండన్‌లో పడింది.

4. విద్యుత్తు రాసిన రేఖ – వాలర్, ఐంతోవెన్:

గుండె కండరం ప్రతి స్పందనలోనూ స్వల్పమైన విద్యుత్తును పుట్టిస్తుందని 19వ శతాబ్దపు మధ్యకాలంలో కప్పలపై చేసిన ప్రయోగాలు నిరూపించాయి. ఛాతీని తెరవకుండా, శరీరం పైనుంచే మానవ హృదయ విద్యుత్తును 1887లో మొదటిసారి నమోదు చేసినవాడు లండన్ సెయింట్ మేరీ ఆసుపత్రికి చెందిన అగస్టస్ వాలర్. సన్నని గాజునాళంలో పాదరసం కదలికను ఛాయాచిత్రంగా తీసే పరికరాన్ని ఆయన వాడాడు. తన పెంపుడు బుల్‌డాగ్ జిమ్మీ కాళ్ళను ఉప్పునీటి పాత్రలలో ఉంచి సభల్లో ఈ ప్రయోగాన్ని ప్రదర్శించేవాడు. ఇది జంతుహింస అంటూ బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న కూడా వచ్చింది. అయితే ఈ పరికరం ఆసుపత్రులలో విస్తృతంగా ఉపయోగపడుతుందని వాలరే భావించలేదు. పాదరసం బరువు వల్ల గుండె వేగానికి తగినట్లు అది కదలలేకపోయేది.

వాలర్ ప్రదర్శనను చూసినవారిలో విలెమ్ ఐంతోవెన్ ఒకడు. నేటి ఇండోనేషియాలోని సెమరాంగ్‌లో 1860లో జన్మించి, నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడైన ఐంతోవెన్, మొదట పాదరసపు పరికరం ఇచ్చిన రేఖను గణితంతో సవరించే మార్గం ఎంచుకున్నాడు. సవరించని రేఖలోని తరంగాలకు ఎ, బి, సి, డి అనే గుర్తులుండగా, 1895లో సవరించిన రేఖలోని తరంగాలకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టాడు. నేటికీ ప్రపంచమంతటా ఇవే వాడుకలో ఉన్నాయి. పి తరంగం కర్ణికల ఉత్తేజాన్ని, క్యూ-ఆర్-ఎస్ సముదాయం జఠరికల ఉత్తేజాన్ని, టి తరంగం జఠరికలు మళ్ళీ పూర్వస్థితికి చేరడాన్ని సూచిస్తాయి.

ప్రతి రేఖనూ లెక్కలతో సవరించే శ్రమను తప్పించడానికి ఆయన కొత్త పరికరాన్నే నిర్మించాడు. బలమైన అయస్కాంత ధ్రువాల మధ్య, వెండి పూత పూసిన అతిసన్నని స్ఫటిక తంతువును వేలాడదీశాడు. గుండె విద్యుత్తు ఆ తంతువు గుండా ప్రవహించినప్పుడు అది పక్కకు కదులుతుంది. దాని నీడ కదిలే ఛాయాచిత్ర ఫలకంపై రేఖగా పడుతుంది. 1901లో ప్రకటించిన ఈ తంతు గాల్వనోమీటరు సుమారు 270 కిలోల బరువుండేది. నడపడానికి ఐదుగురు కావలసి వచ్చేది. రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీటి జాడీలలో పెట్టి కూర్చునేవాడు. అంతటి యంత్రాన్ని ఆసుపత్రికి తరలించలేక, 1905లో ఐంతోవెన్ సుమారు కిలోమీటరున్నర దూరంలోని ఆసుపత్రి నుంచి టెలిఫోన్ తీగల ద్వారా రోగుల హృదయ విద్యుత్తును తన ప్రయోగశాలకు రప్పించాడు. దూరవైద్యానికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి. ఈ కృషికి ఆయనకు 1924లో నోబెల్ బహుమతి లభించింది.

5. రేఖను చదవడం – మెకెంజీ, లూయిస్, హెరిక్, లెవీ:

రేఖ లభించినంత మాత్రాన అర్థం తెలియదు. దానిని చదివే విద్య వేరుగా రూపొందవలసి వచ్చింది. ఇంగ్లండులోని బర్న్‌లీ అనే పట్టణంలో సాధారణ వైద్యుడైన జేమ్స్ మెకెంజీ, గుండె జబ్బున్న ఒక గర్భిణి ప్రసవ సమయంలో తన కళ్ళెదుటే మరణించడంతో, హృదయ లక్షణాల భవిష్యత్ ఫలితాల గురించి తనకేమీ తెలియదని గ్రహించాడు. మెడలోని సిర, మణికట్టులోని ధమని కదలికలను ఏకకాలంలో నమోదు చేసే పాలిగ్రాఫ్ పరికరంతో ఆయన తన రోగులను ఏళ్ళ తరబడి అనుసరించాడు. పూర్తిగా లయ తప్పిన నాడి ఉన్న రోగుల సిరారేఖలో కర్ణికా సంకోచాన్ని తెలిపే తరంగం అదృశ్యమైందని గమనించి, కర్ణిక పక్షవాతానికి లోనై ఉంటుందని తొలుత ఊహించాడు. పరిశీలన సరైనదే, వివరణ తప్పు. 1909లో లండన్ వైద్యుడు థామస్ లూయిస్ ఇ.సి.జి. సహాయంతో, అటువంటి రోగులలో కర్ణిక నిశ్చలంగా ఉండదని, అతివేగంగా క్రమరహితంగా కంపిస్తుందని నిరూపించాడు. నేడు ‘ఏట్రియల్ ఫిబ్రిలేషన్’గా వ్యవహరించే స్థితి ఇదే.

గుండెపోటు విషయంలోనూ ఇదే జరిగింది. హృదయ ధమనిలో రక్తం గడ్డకట్టినా రోగి వెంటనే మరణించనవసరం లేదని, బతికుండగానే దానిని గుర్తించవచ్చని చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ 1912లో ప్రకటించాడు. ఆ వ్యాసానికి చెప్పుకోదగిన స్పందన రాలేదు. 1920లో న్యూయార్కులో హెరాల్డ్ పార్డీ గుండెపోటు వచ్చిన రోగి ఇ.సి.జి.లో కనిపించే ప్రత్యేకమైన మార్పును వర్ణించిన తరువాత, హెరిక్ ప్రతిపాదన ప్రతి వైద్యుడూ కాగితంపై చూడగల విషయంగా మారింది.

హైదరాబాదు కమిషన్ తేల్చిన నిర్ణయం కూడా ఈ దశలోనే పునఃపరిశీలనకు వచ్చింది. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాలలో, తక్కువ మోతాదు క్లోరోఫాం మత్తులో ఉన్నప్పుడు గుండె ఉత్తేజితమైతే జఠరికలు ఒక్కసారిగా క్రమరహితంగా కంపించి, రక్తాన్ని నెట్టలేని స్థితి ఏర్పడుతుందని వెల్లడైంది. లూయిస్‌తో కలిసి ఆయన ఈ లయభంగాలను ఇ.సి.జి. ద్వారా నమోదు చేశాడు. అధిక మోతాదుకు సంబంధించినంత వరకు హైదరాబాదు ప్రయోగాలు చూపినది అవాస్తవం కాదు; ఆ ఫలితాన్ని స్వల్ప మోతాదుకూ అన్వయించడమే పొరపాటు. ఒక పరీక్ష దేనిని కొలవలేదో తెలియకుండా దాని ఫలితాన్ని విస్తరించడం ఎంతటి ప్రమాదమో ఈ ఉదంతం స్పష్టం చేస్తున్నది.

6. విశ్రాంతి గదిలో కనిపించనివి – విల్సన్, మాస్టర్, బ్రూస్, హోల్టర్:

ఐంతోవెన్ గుండెను మూడు కోణాల నుంచి చూశాడు. అమెరికాలోని మిషిగన్‌కు చెందిన ఫ్రాంక్ విల్సన్ 1930లలో ఛాతీపై ఎలక్ట్రోడ్లు అమర్చే పద్ధతిని శాస్త్రీయంగా స్థిరపరిచాడు. 1942లో ఇమాన్యుయెల్ గోల్డ్‌బెర్గర్ అవయవాల నుంచి మరో మూడు కోణాలను జోడించాడు. ఈ విధంగా నేటి 12 లీడ్ల ఇ.సి.జి. రూపుదిద్దుకున్నది. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదలడం, ఒక మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్ల ఎత్తు ఉండటం వంటి ప్రమాణాల వల్ల ఒక ఊరిలో తీసిన రేఖను మరొక దేశంలోని వైద్యుడు అదే అర్థంతో చదవగలుగుతున్నాడు.

అయినా పడుకుని ఉన్న రోగి గుండె కొన్ని సెకన్లలో రాసిన రేఖ, మెట్లెక్కేటప్పుడు వచ్చే నొప్పిని చూపలేకపోవచ్చు. ఆర్థర్ మాస్టర్ 1929లో రోగిని రెండు మెట్లు ఎక్కి దిగమని చెప్పి, శ్రమకు హృదయం స్పందించే తీరును పరీక్షించాడు. సియాటిల్‌లో రాబర్ట్ బ్రూస్ ట్రెడ్‌మిల్ వేగాన్ని, వాలును మూడు నిమిషాలకొకసారి పెంచే క్రమాన్ని రూపొందించి 1963లో ప్రచురించాడు. తెలుగునాట ఆసుపత్రులలో ‘టి.ఎం.టి.’గా సుపరిచితమైన పరీక్షలో ఎక్కువగా అనుసరించేది ఈ క్రమాన్నే. మోంటానా రాష్ట్రానికి చెందిన నార్మన్ హోల్టర్ వైద్యుడు కాడు, భౌతికశాస్త్రజ్ఞుడు. వీపున మోసుకునే సుమారు 38 కిలోల రేడియో పరికరంతో ప్రారంభించి, నిత్యజీవితంలో తిరిగే మనిషి గుండెను గంటల తరబడి నమోదు చేసే విధానాన్ని 1961 నాటికి శాస్త్రలోకం ముందుంచాడు. ఎప్పుడో ఒకసారి వచ్చి మాయమయ్యే లయభంగాలను పట్టుకునే ‘హోల్టర్ పరీక్ష’ ఆయన పేరుతోనే నిలిచింది.

7. గుండె లోపలికి చూపు – ఫోర్స్‌మన్, సోన్స్, ఎడ్లర్:

విద్యుత్ రేఖ గుండె లయను చెబుతుంది. గదుల ఆకృతిని, కవాటాల కదలికను, ధమనుల ఇరుకును నేరుగా చూపదు. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డ్ ఆసుపత్రిలో యువ వైద్యుడైన వెర్నర్ ఫోర్స్‌మన్, తన చేతి సిర గుండా సన్నని గొట్టాన్ని గుండె వరకు పంపుకుని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి దానిని చిత్రం తీయించుకున్నాడు. వృత్తిలో ఆయనకు ఆదరణ లభించలేదు. క్రమంగా మూత్రకోశ వైద్యం వైపు మళ్ళాడు. ఆ పద్ధతిని న్యూయార్కులో ఆంద్రె కూర్నాన్, డికిన్సన్ రిచర్డ్స్ పరీక్షా విధానంగా అభివృద్ధి చేశారు. 1956లో నోబెల్ బహుమతి ముగ్గురికీ కలిపి లభించింది.

హృదయ ధమనిలోకి నేరుగా రంగు ద్రవాన్ని పంపితే గుండె ఆగిపోతుందని అప్పటి వైద్యుల భయం. 1958 అక్టోబరులో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ ఒక రోగికి పరీక్ష చేస్తుండగా గొట్టం జారి కుడి హృదయ ధమనిలోకి చేరి, ద్రవం అక్కడే విడుదలైంది. రోగి గుండె క్షణకాలం ఆగింది. గట్టిగా దగ్గమని చెప్పగా మళ్ళీ కొట్టుకున్నది. భయపడిన ప్రమాదం తప్పించుకోగలిగినదేనని గ్రహించిన సోన్స్, ఆ అనుకోని ఘటనను కరోనరీ యాంజియోగ్రాం అనే క్రమబద్ధమైన పరీక్షగా తీర్చిదిద్దాడు.

శరీరంలోకి ఏ సాధనమూ పంపకుండా గుండెను చూసే మార్గం స్వీడన్ నుంచి వచ్చింది. లుండ్‌లో వైద్యుడు ఇంగె ఎడ్లర్, భౌతికశాస్త్రజ్ఞుడు హెల్‌ముట్ హెర్ట్స్ కలిసి, లోహాలలోని పగుళ్ళను వెతికే అతిధ్వని పరికరాన్ని 1953లో గుండెపై ప్రయోగించారు. కదిలే గుండె గోడల నుంచి ప్రతిధ్వనులు తిరిగి వచ్చాయి. నేటి ‘ఎకో’ పరీక్షకు ఇదే ఆరంభం.

8. చేతివేళ్ళ విద్య – టౌసిగ్, పద్మావతి:

పరికరాలు పెరిగినా వైద్యుని ఇంద్రియాల పాత్ర అంతరించలేదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో పిల్లల హృద్రోగ నిపుణురాలు హెలెన్ టౌసిగ్‌కు వినికిడి లోపించింది. ఆమె శిశువుల ఛాతీపై వేళ్ళుంచి గుండె కంపనాలను గ్రహించడం సాధన చేసింది. ఆ అవగాహనను ఎక్స్‌రే, ఇ.సి.జి. ఆధారాలతో సరిచూసుకుంటూ, పుట్టుకతోనే గుండె లోపంతో నీలివర్ణానికి మారే శిశువులకు చికిత్సను ఆలోచించింది. శస్త్రచికిత్సకుడు ఆల్ఫ్రెడ్ బ్లేలాక్, ప్రయోగశాలలో ఆ విధానాన్ని రూపొందించిన వివియన్ థామస్‌ల కృషితో 1944లో అది కార్యరూపం దాల్చింది.

టౌసిగ్ వద్దా, హార్వర్డ్‌లో పాల్ డడ్లీ వైట్ వద్దా శిక్షణ పొందిన శివరామకృష్ణ అయ్యర్ పద్మావతి భారతదేశపు తొలి మహిళా హృద్రోగ నిపుణురాలు. 1917లో బర్మాలో జన్మించిన ఆమె, 1953లో ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్యకళాశాలలో చేరి, హృద్రోగ క్లినిక్‌ను, గుండెలోకి గొట్టం పంపి పరీక్షించే ప్రయోగశాలను నెలకొల్పింది. 1962లో ఆలిండియా హార్ట్ ఫౌండేషన్‌ను స్థాపించింది. 1992లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకున్నది. ఐంతోవెన్, ఫోర్స్‌మన్‌ల ఆవిష్కరణలు భారతీయ రోగికి అందుబాటులోకి రావడంలో అటువంటి వైద్యుల సంస్థాగత కృషి ముఖ్యమైనది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల రెండు విషయాలు తేటతెల్లమవుతున్నాయి. మొదటిది, హృదయ పరీక్షల వికాసం వైద్యుని స్వానుభవాన్ని ఇతరులూ చదవగల ఆధారంగా మార్చింది. మెకెంజీ ఊహను లూయిస్, హైదరాబాదు నిర్ణయాన్ని లెవీ సరిదిద్దగలిగినది ఆధారం కాగితంపై నిలిచినందువల్లనే.

రెండవది, ప్రతి పరీక్షా ఒక ప్రత్యేక ప్రశ్నకే సమాధానం చెబుతుంది. ఇ.సి.జి. విద్యుత్తును, ఎకో ఆకృతినీ కదలికనూ, ట్రెడ్‌మిల్ శ్రమకు స్పందనను, యాంజియోగ్రాం ధమని లోపలి మార్గాన్ని, రక్తంలో ట్రోపోనిన్ పరీక్ష గుండె కండరానికి కలిగిన హానిని తెలియజేస్తాయి. ఒక పరీక్ష ఫలితం బాగుందంటే ఆ ప్రశ్నకు, ఆ సమయానికి సమాధానం బాగుందని మాత్రమే అర్థం. ఛాతీ నొప్పితో వచ్చిన రోగి తొలి ఇ.సి.జి. సాధారణంగా ఉన్నా వైద్యుడు మళ్ళీ మళ్ళీ రేఖ తీయించడానికి, రక్తపరీక్ష కోరడానికి కారణం ఇదే. ‘రిపోర్టు నార్మల్’ అన్న మాట విని నొప్పితోనే ఇంటికి వెళ్ళే రోగికీ, 1889 నాటి కమిషన్ సభ్యులకూ ఎదురైన చిక్కు ఒక్కటే: జవాబు వచ్చింది, ఏ ప్రశ్నకు వచ్చిందో చూసుకోలేదు. నాడి చూసే రోజుల నుంచి నేటి వరకు హృదయ వైద్యంలో మారని అవసరం, ఆ ప్రశ్నను సరిగా గుర్తించగల వైద్యుడే.